రూతు పడుకోని కొట్టం

మా రూతుకు పొగరెక్కిందని మా మామ ఊరంతా చెప్పుకుని తిరిగాడు. రూతు మా బర్రె. పొగరు ఎవరికి ఎక్కిందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన ముఖం మీద అనే ధైర్యం మాత్రం నాకొక్కదానికే ఉంది.

మామ పేరు సమాధానం, బైబిలు భాషలో శాంతి అని. ఆ పేరు పెట్టినవాళ్ళు బతికుంటే ఇంటికి వెళ్ళి మరీ నిలదీసేదాన్ని. ఆయన బిట్రగుంటలో రైల్వే ఉద్యోగం చేశాడు. ప్లాట్‌ఫారాలు కడిగించే పని. రిటైరై కోట టౌను దగ్గర సొంతూరికి వచ్చాక ఉద్యోగం పోయింది గాని కడుగుడు పోలేదు. ఇల్లు, వాకిలి, వాకిట్లో కొబ్బరిచెట్టు మొదలు, అన్నీ ఫినాయిల్ వాసనే. నా పెళ్ళైన కొత్తలో, చేతులు కడుక్కోకుండా బైబిలు ముట్టుకున్నానని చుట్టాలందరి ముందూ నిలబెట్టి అడిగాడు. నేను అప్పుడే బియ్యం కడిగి వచ్చాను. ఇంతకంటే శుభ్రమైన చేతులు ఎక్కడ దొరుకుతాయో చెప్పమని ఆయన్నే అడిగాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ పడదు.

మా అత్త ఎలిశబెతు ఉన్నంతకాలం ఆ గొడవ వంటింటి గడప దాటలేదు. ఆవిడ బర్రెల మనిషి. బర్రెలన్నిటికీ బైబిల్లో ఆడవాళ్ళ పేర్లు పెట్టేది. నయోమి అనే బర్రెకు పుట్టిన పెయ్య, ఎవరు ముందు నడిస్తే వాళ్ళ వెనకాలే పోతుంటే, దానికి రూతు అని పెట్టింది. బైబిల్లో నయోమి వెంట నడిచిన రూతు ఆవిడకు కోడలు గాని కూతురు కాదని మామ తప్పు పట్టాడు. "బర్రెల్లో కోడళ్ళు ఉండరు, ఊరుకోండి" అంది అత్త. నాకు ఆవిడంటే ప్రాణం.

నిరుడు వానాకాలంలో ఆవిడ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి మళ్ళీ మంచం దిగలేదు. ఒకరోజు రూతును కిటికీ దగ్గరికి తోలుకురమ్మంది. పలుపు తెప్పించుకుని నా చేతిలో పెట్టింది.

"దీన్ని అమ్మనీబాక, కరుణా."

"అమ్మనీను అత్తా" అన్నాను. ఆ మాటకు సాక్షులెవరూ లేరు. మామ అప్పుడు వాకిలి కడుగుతున్నాడు.

అత్త పోయాక ఆవిడ జ్ఞాపకార్థం చర్చి నేలంతా టైల్స్ వేయిస్తానని మామ కమిటీలో మాట ఇచ్చాడు. మా ఇంటి ప్రహరీకి అవతలే చర్చి. అంతకుముందు అక్కడ గరుకు సిమెంటు నేల ఉండేది, చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. కొత్తగా వేసినవి తెల్లటి టైల్స్, వంగి చూస్తే ముఖం కనిపించేంత నునుపు. ప్రతిష్ఠ ఆరాధన రోజు అందరూ కిందికే చూసుకుంటూ నడిచారు. నేల అందం చూస్తున్నారని మామ మురిసిపోయాడు. చాపలు నిలవడం లేదని తీసేసి, ముసలివాళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించారు.

కొన్ని పెట్టెల టైల్స్ మిగిలాయి. వాటినేం చేయాలన్నది కమిటీలో పెద్ద చర్చ అయింది. దేవుడికిచ్చినవి తిరిగి షాపులో ఇవ్వకూడదు. ఎవరికైనా అమ్మితే ఏ బాత్‌రూములోనో వేసుకుంటారు, అది పాపం. ఊరికే పెట్టుకుంటే ఎలకలు దూరతాయి. అప్పుడు మా మామ లేచి నిలబడ్డాడు.

"మన ప్రభువు పుట్టింది పశువుల పాకలోనే కదా. మా గొడ్ల కొట్టంలో ఏయిస్తా. మా ఎలిశబెతుకూ అదే ఇష్టం" అన్నాడు.

కమిటీ చప్పట్లు కొట్టింది. పాస్టరు జడ్సన్ అయ్యగారు ఎంత మంచి తలంపు అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. రూతును ఎవరూ అడగలేదు. నన్నూ అడగలేదు, పేడ తీసేది నేనైనా.

పాత కొట్టం గురించి చెప్పాలి. తాటాకు కప్పు, మట్టి నేల, ఒక మూల ఎప్పుడూ తడిగా మెత్తగా ఉండేది. పగలంతా రూతు చేలో నీళ్ళగుంటలో పడి ఉండేది. ముక్కు, చెవులు మాత్రం పైకి కనిపించేవి. సాయంత్రం ఒళ్ళంతా బురదతో వచ్చి, కొట్టంలో దభీమని పడుకుని నెమరు వేసేది. ఇప్పుడు ఆ గుంట లేదు. ఆ చేను రొయ్యల చెరువైంది, చుట్టూ వల కట్టారు. అంటే రూతుకు మిగిలింది కొట్టం ఒక్కటే.

ఆ కొట్టాన్ని మామ మూడు వైపులా గోడ లేపించి, పైన రేకులు వేయించి, కింద తెల్లటి టైల్స్ పరిపించాడు. గడప లోపల నల్లరాతి పలక, బాగా పాలిష్ పెట్టింది. దాని మీద 'ప్రభువునందు నిద్రించిన ఎలిశబెతు జ్ఞాపకార్థం' అని చెక్కించాడు. గోడకు ఇనప రింగు. పేడ సరిగ్గా కాలవలో పడాలని రూతును ఆ రింగుకు పొట్టి పలుపుతో కట్టమన్నాడు. ముఖం గోడకు, తోక వాకిలికి. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించారు.

రూతు గడప దగ్గరే ఆగిపోయింది. కింద వాసన చూసింది, వెనక్కి జరిగింది.

"సిగ్గుపడతా ఉండాది. కొత్తిల్లు కదా" అన్నాడు మామ. అందరూ నవ్వారు.

లోపలికి తోశారు. నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడింది. సాయంత్రం చూస్తే అలాగే ఉంది. తెల్లారి చూస్తే అలాగే ఉంది. పడుకోవాలని ముందు మోకాళ్ళు వంచేది. వెనక గిట్ట జర్రున జారేది. ఉలిక్కిపడి లేచేది. మళ్ళీ వంచేది, మళ్ళీ జారేది. మూడోరోజుకల్లా ఆ ప్రయత్నం కూడా మానేసింది.

తర్వాత మిగతావన్నీ మొదలయ్యాయి. మోకాళ్ళు వాచాయి. ఆ ఇనప రింగును రోజంతా నాకుతూనే ఉండేది. గోడ తప్ప చూడ్డానికి ఏమీ లేక తల అటూ ఇటూ, అటూ ఇటూ ఊపేది, నేను పిలిచినా ఆపేది కాదు. గోడకు నుదురు రుద్ది రుద్ది వెంట్రుకలు ఊడిపోయాయి. అత్త కూర్చుంటే కళ్ళు మూసుకుని పాలు చేపే బర్రె, నేను ఎంత నిమిరినా పొదుగులో పాలు బిగబట్టి చుక్క వదల్లేదు. ఒకరోజు తన్నింది. బకెట్టు ఎగిరి గోడకు తగిలింది. రూతు కాలెత్తడం నేను చూడటం అదే మొదలు. పైగా అది చూలుతో ఉంది.

నేను వరిగడ్డి తెచ్చి పరిచాను. ప్రతిష్ఠ చేసిన చోట చెత్త పోస్తావా అని మామ ఊడ్చేశాడు. ఇసక తెచ్చి చల్లాను. పైపు పెట్టి కడిగేశాడు. గోనెపట్టలు పరిచాను. ఎత్తి ప్రహరీ మీదుగా చర్చి ఆవరణలోకి విసిరేశాడు. తన ప్లాట్‌ఫారం మీద ఒక్క కాగితం ముక్క కనిపించనిచ్చేవాణ్ణి కాదని చెప్పాడు. ప్లాట్‌ఫారం మీద రైలు కూడా పడుకోదు మామయ్యా, బర్రె పడుకోవాల అన్నాను. ఆ పూట అన్నం తినకుండా లేచిపోయాడు. నాకు ఆకలి బాగానే వేసింది.

నా మొగుడు కిషోర్ బాబు రొయ్యపిల్లల హేచరీలో పనిచేస్తాడు, శనివారం శనివారం వస్తాడు. వచ్చినప్పుడల్లా మా ఇద్దరి మధ్య నిలబడి ఎవరి మాటకు వాళ్ళకు తల ఊపుతాడు. "క్రిస్మస్ అయిపోనీ కరుణా, సర్దుకో" అన్నాడు. క్రిస్మస్ దాకా ఎందుకంటే, ఈ ఏడు కేరల్స్ పాడుకుంటూ తిరిగే పిల్లలు మా కొట్టం దగ్గర ఆగాలట. మేత తొట్టిలో బొమ్మను పడుకోబెట్టి, పైన నక్షత్రం వేలాడదీసి, వెనకాల నిజం పశువును కట్టేసి, అయ్యగారు వాక్యం చదవాలట. ఫొటోలు తీసి నెల్లూరు చర్చిలన్నిటికీ వాట్సప్‌లో పంపాలట. అందుకని కొట్టంలో ఒక్క గడ్డిపరక కూడా ఉండకూడదు.

మామ కోట నుంచి పశువుల డాక్టరును పిలిపించాడు. డాక్టరు బర్రెను చూశాడు, జ్వరం చూశాడు, కింద ఏముందో చూడలేదు. ఏ జబ్బూ లేదు, పురుగుల మందు పట్టమని చెప్పాడు. మామ ఇచ్చిన టీ తాగుతూ కొట్టం చాలా నీట్‌గా ఉందని మెచ్చుకుని వెళ్ళాడు.

"ఇన్నావా? జబ్బేం లేదంట. పొగరే" అన్నాడు మామ.

ఒక శనివారం ఆయన నక్షత్రాలు కొనడానికి కోట వెళ్ళాడు. నేను పలుపు విప్పి రూతును బయటికి తెచ్చి, సముద్రం వైపు సరుగుడు తోటలోకి నడిపించాను. అది అడుగులో అడుగు వేసుకుంటూ, మట్టి మీద కూడా భయం భయంగా వచ్చింది. తోటలో ఇసక మీదికి వచ్చాక ఆగింది. ముందు కాళ్ళు వంచింది. జారలేదు. దభీమని పడింది. ముక్కులోంచి పొడుగ్గా ఒక ఊపిరి వదిలింది. ఆ ఊపిరికి ముందున్న ఇసక లేచి పక్కకు పోయింది. గడ్డం నేలకు ఆనించి అలాగే నిద్రపోయింది. పక్కన కూర్చుని నేను ఏడ్చాను, కోపంతోనే ఎక్కువ. లేచాక చాలాసేపు నెమరు వేసింది. సాయంత్రం అక్కడే పొదుగు కడిగి కూర్చుంటే, కాలెత్తకుండా చేపింది.

నా మొగుడు హేచరీ నుంచి వచ్చేసరికి పాల బకెట్టు ఆయన ముందు పెట్టాను. చూశాడు. నమ్మాడు కూడా.

"నువ్వే చెప్పు నాయనకి" అన్నాడు. వెళ్ళి స్నానం చేశాడు.

నేనే చెప్పాను. మామ నక్షత్రాల సంచీ ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"తోటలో పండుకుంది. పాలిచ్చింది. తన్నలా. దానికి మీ టైల్స్ మీద కాలు నిలవడం లేదు మామయ్యా."

"అంటే నా కొట్టంలో మాత్రం తంతాదన్నమాట. నా మీద పగ దానికి."

"దానికి మీరెవరైతే ఏంది. దానికి కాలు నిలవాల, అంతే."

"ప్రభువు పుట్టిన పాక మాదిరి కట్టించినా. ఇలవ తెలీదు దానికి. నీ మాదిరే."

"ప్రభువు పుట్టిన పాకలో టైల్స్ ఉండినాయా? గడ్డి ఉండింది. పేడ కూడా ఉండే ఉంటాది."

"నాకు వాక్యం చెప్పబాక" అన్నాడు. సంచీ కింద పెట్టాడు. "హజరత్తయ్యతో మాట్లాడినా. ఎల్లుండి సోమవారం వచ్చి తోలుకపోతాడు. బదులు జెర్సీ ఆవును తెస్తాడంట. సాదు పశువు. పాకలో కట్టేస్తే ఫొటోలో కూడా ఇంపుగా ఉంటాది."

హజరత్తయ్య పశువుల బేరగాడు. వాకాడు నుంచి సూళ్లూరుపేట దాకా ఆయనకు తెలియని కొట్టం లేదు. తన్నే బర్రెను, పాలివ్వని బర్రెను ఎవరు కొంటారో, లారీలో ఎక్కడికి పోతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"రూతును అమ్మనీబాకని అత్త నాతో చెప్పింది."

"నాతో చెప్పలేదే."

"మీరప్పుడు వాకిలి కడగతా ఉండారు."

ఆయన ముఖం నల్లబడింది. చెయ్యి లేచింది, దిగింది. కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. చేతికి చెయ్యి, అక్కడితో తేలిపోయేది. ఆయన మాత్రం లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే, కొనేవాడి కళ్ళకు పేడ కనిపించకూడదని, కొట్టమంతా సబ్బునీళ్ళతో కడిగాడు. నేల ఆరకముందే హజరత్తయ్య బండి వాకిట్లో ఆగింది. నేను చెరువుగట్టు మీద గడ్డి కోస్తున్నాను. బండి చప్పుడు విని పరిగెత్తుకొచ్చేసరికి పలుపు విప్పేశారు.

రూతు ముఖం గోడకుంది. బయటికి రావాలంటే చుట్టూ తిరగాలి. హజరత్తయ్య పలుపు పట్టి లాగుతున్నాడు, మామ పక్కనుంచి కర్రతో వేస్తున్నాడు. ముందు కాళ్ళు తిరిగాయి. వెనక కాళ్ళు గడప దగ్గరి నల్లరాతి పలక మీదికి వచ్చాయి. సబ్బునీళ్ళు, పాలిష్ రాయి. రెండు కాళ్ళూ రెండు వైపులకు చీలిపోయాయి. పొట్ట నేలకు కొట్టుకున్న చప్పుడు నా వీపులో తగిలింది. రూతు అరవలేదు. నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

హజరత్తయ్య పలుపు వదిలేశాడు. "పడిపోయిన బర్రె నాకొద్దన్నా. తొడ తప్పుంటే ఇంక లేవదది" అన్నాడు. ఆయనా గోడ పట్టుకునే బయటికి వచ్చాడు.

"లెయ్, లెయ్" అంటూ మామ దాని వీపు మీద కొడుతున్నాడు. నేను కర్ర లాగి అవతల పారేశాను. గడ్డిమోపు కట్టుకొచ్చిన తాడు విప్పి, చీలిపోయిన కాళ్ళు రెంటినీ దగ్గరికి లాగి, అడుగు పట్టేంత సందు వదిలి కట్టాను. అది లేవబోయింది. కడుపులో దూడతో అంత బరువు పైకెత్తింది. గిట్టలు మళ్ళీ జారాయి, మళ్ళీ పడింది. ఇంకోసారి అలా పడితే రూతూ ఉండదు, దూడా ఉండదు.

గోడకు ఆనించి ఉన్న గడ్డపార తెచ్చాను. మొదటి దెబ్బకు టైలు నాలుగు ముక్కలైంది.

"ప్రతిష్ఠ చేసిన నేల మే అది" అంటూ మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యండి మామయ్యా. తర్వాతి దెబ్బ యాడ పడతాదో నాకే తెలీదు."

తీశాడు. నా ముఖంలో ఏం చూశాడో గాని, రెండడుగులు వెనక్కి వేశాడు. నేను రూతు ముందు కాళ్ళ కింద, పొట్ట పక్కన, తల దగ్గర, వరసగా పగలగొట్టుకుంటూ పోయాను. కింద ఇసక, మట్టి బయటపడ్డాయి. చివరికి వెనక గిట్టల కింద నల్లరాతి పలక ఒక్కటే మిగిలింది. దాని మీద మా అత్త పేరు ఉంది.

"ఆ ఒక్కటీ ఒద్దు" అన్నాడు మామ. అప్పుడు ఆయన గొంతులో కోపం లేదు.

నేను విన్నాను. "అత్తా" అన్నాను పైకే. కొట్టాను. పలక మధ్యకు పగిలింది, పేరు రెండైంది. ముక్కలు రెండూ ఎత్తి పక్కన పడేసి, కింది మట్టిని గడ్డపారతో గుల్ల చేశాను.

పలుపు అందుకున్నాను గాని లాగలేదు. దానికి వీపు పెట్టి, "రూతూ, రా" అని ముందుకు నడిచాను. వెనకాల బరువైన ఊపిరి, మట్టిలో గిట్టలు దిగిన చప్పుడు వినిపించాయి. వెనక కాళ్ళు ముందు లేచాయి, తర్వాత ముందువి. నా వెనకాలే, కుంటుతూ, వాకిట్లోకి వచ్చింది.

హజరత్తయ్య బండెక్కి వెళ్ళిపోయాడు. మామ ఆ ముక్కల మధ్య కూర్చుని, నల్లరాతి ముక్కలు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. చూశాను. జాలి వేయలేదు. అత్త పోయిన రోజు ఆయన అంత ఏడ్చి ఉంటే, బహుశా వేసేదేమో.

బుధవారం జడ్సన్ అయ్యగారు మా ఇంటికొచ్చారు. నేను ఇచ్చిన కాఫీ తాగకుండా పక్కన పెట్టుకున్నారు.

"దేవునికి ప్రతిష్ఠించినదాన్ని పగలగొట్టావమ్మా. ఆదివారం సంఘం ముందు మోకరించి తప్పైందని ఒక్క మాట చెప్పు. సమాధానం గారు అంతటితో వదిలేస్తానన్నారు."

"చెప్పకపోతే అయ్యగారూ?"

"బర్రె ఆయనది. సోమవారం మళ్ళీ హజరత్తయ్యను రమ్మంటారు. తక్కువకైనా సరే ఇచ్చేస్తారంట."

నా మొగుడు ఫోన్లో, "ఒక్క మాటే కదా కరుణా" అన్నాడు. ఒక్క మాటే. నాకు తప్పు కనిపించలేదు, అయినా రూతు కోసం దేవుడి ముందు అబద్ధం చెప్పడానికి ఒప్పుకున్నాను. ఆ నాలుగు రోజులూ కోపంతో నాకు అన్నం సరిగ్గా సయించలేదు.

ఆదివారం చర్చిలో చివరి వరసలో నిలబడ్డాను. అందరూ బయట కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని తడికాళ్ళతో లోపలికి వస్తున్నారు. మా ఊళ్ళో అదే పద్ధతి. నేను ఎప్పుడూ ముందు కూర్చునేదాన్ని, వెనక నుంచి ఎప్పుడూ చూడలేదు. ముసలివాళ్ళు గోడ పట్టుకుని నడుస్తున్నారు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు బిగబట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ. ఆ నడక నాకు తెలుసు. రోజూ కొట్టంలో చూసిందే.

"మోకరించి ప్రార్థన చేద్దాం" అన్నారు అయ్యగారు. చిన్నవాళ్ళు మోకాళ్ళ మీదికి దిగారు. ముసలివాళ్ళు కుర్చీల్లోనే తలలు వంచారు. మా మామకు కుర్చీ లేదు. తాను వేయించిన నేల మీద తానే కుర్చీ అడగడానికి ఆయనకు నామోషీ. ముందు వరసలో గోడ పక్కన నిలబడి ఉన్నాడు. పక్కనున్న బల్ల పట్టుకుని మోకాళ్ళు కొంచెం వంచాడు. మడమ జారింది. ఉలిక్కిపడి నిటారయ్యాడు. మళ్ళీ వంచాడు, మళ్ళీ జారింది. ఇక ప్రయత్నించలేదు. గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, తల అటూ ఇటూ ఊపుతూ నిలబడ్డాడు.

మా పెళ్ళైనప్పటి నుంచి నేను చూసిన సమాధానం మోకాళ్ళ మీద ప్రార్థన చేసే మనిషి. ఇంట్లో ఎంత గొంతు చేసుకున్నా, చర్చిలో నేలకు నుదురు ఆనించి అందరికంటే ఆలస్యంగా లేచేవాడు. ఈ టైల్స్ పడినప్పటి నుంచి ఆయన మోకరించగా నేను చూడలేదు. ఆయన కోపం మరీ ముదిరింది కూడా అప్పటి నుంచే.

ప్రార్థన అయ్యాక అయ్యగారు నా పేరు పిలిచారు. అందరూ వెనక్కి తిరిగారు. నేను బయటికి నడిచాను. పారిపోతోందని ఎవరో అన్నారు, వినిపించింది. చర్చి ఆవరణలో, ప్రహరీ పక్కన, మామ విసిరేసిన గోనెపట్టలు ఇంకా పడే ఉన్నాయి. చెదలు తినకుండా మిగిలింది ఒక్కటే. దులిపాను. ఎండిన పేడ కొంచెం రాలింది, కొంచెం రాలలేదు. లోపలికి తెచ్చి, అందరి మధ్య నుంచి నడిచి, ముందు వరసలో మా మామ కాళ్ళ దగ్గర పరిచాను.

"ఏందిది?"

"గోనెపట్ట. దీని మీద మోకాలు ఎయ్యండి. జారదు."

"పేడ కంపు కొడతా ఉండాది."

"కొట్టనీండి."

ఆయన నా వైపు చూసిన చూపులో మంట ఉంది. నేనూ అలాగే చూశాను. ఆయన గోనెపట్ట వైపు చూపు దించాడు. ఒక పాదం దాని మీద పెట్టి, నొక్కి చూసుకున్నాడు. రెండోది పెట్టాడు. బల్ల పట్టుకుని ఒక మోకాలు దించాడు, తర్వాత రెండోది. భుజాలు దిగాయి. ముక్కులోంచి పొడుగ్గా ఒక ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నేను సరుగుడు తోటలో విన్నాను.

అయ్యగారు నా వైపు తిరిగి, మోకరించమని చేత్తో సైగ చేశారు.

"ఇంకో గోనెపట్ట లేదయ్యగారూ" అని చెప్పి ఇంటికి వచ్చేశాను.

సోమవారం హజరత్తయ్య బండి మళ్ళీ వాకిట్లో ఆగింది. నేను గడ్డపార తలుపు వెనక సిద్ధంగా పెట్టుకున్నాను. మామ అరుగు మీద నుంచి లేవకుండానే మాట్లాడాడు.

"బర్రెను అమ్మడంలా. ఒక ట్రాక్టరు ఇసక యాడ దొరకతాదో కనుక్కో. సముద్రం ఇసక ఒద్దు, ఉప్పు. ఏటి ఇసక."

హజరత్తయ్య తల గోక్కుంటూ వెళ్ళాడు. మామ వంటింటి వైపు చూడకుండానే గొంతు పెంచాడు.

"నీ కోసమని అనుకోబాక."

"అనుకోలేదు" అన్నాను.

ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. క్రిస్మస్ వచ్చింది, కేరల్స్ పిల్లలు మా వాకిలి దాటుకుని ముందుకు పోయారు. పగిలిన పలకను ఆయన తెచ్చి కొట్టం గోడకు ఆనించాడు, రెండు ముక్కలూ దగ్గరగా చేర్చి. ఎదురుపడితే ఇద్దరం ముఖం తిప్పుకుంటాం. నాకు కోపం ఇంకా దిగలేదు, ఆయనకూ దిగలేదు. రూతు మాత్రం కడుపులో దూడతో ఆ పలక పక్కనే, ఇసకలో, కళ్ళు మూసుకుని పడుకుంటోంది.